తోలు మీద అచ్చు బొమ్మ

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, రసాయనశాస్త్ర విద్యార్థి)

"నా చర్మం వొలిచి చెప్పులు కుట్టించినా మీ ఋణం తీరదు" అని మన తెలుగువాళ్ళు కృతజ్ఞత చెప్పుకుంటారు. ఈ మాట మనమంతా చిన్నప్పటినుంచీ విన్నదే. కాని వొలిచిన చర్మం ఒలిచినట్టుగా చెప్పు కాదు. రెండు రోజులు వుంచితే కుళ్ళుతుంది, ఎండబెడితే చెక్కలా బిగుస్తుంది, ఉడకబెడితే బంక అవుతుంది. చర్మానికీ చెప్పుకీ మధ్య ఒక పెద్ద శాస్త్రం వుంది. ఆ శాస్త్రాన్ని మన పల్లెల్లో వందల ఏళ్ళు చేతుల్లో దాచుకున్నవాళ్ళు వూరి చివర వున్నారు. పుస్తకంలోకి ఎక్కించినవారిలో ఒకరు మన తెనాలి పక్క పల్లెనుంచే వెళ్ళారు. ఆ సంగతి చివర చెబుతాను.

ఇవాళ తెనాలి, బాపట్ల, రేపల్లె ఏ వూరు వెళ్ళినా కప్పు మీద ఫొటో, చొక్కా మీద పేరు వేసి ఇచ్చే దుకాణం కనిపిస్తుంది. మరి తోలు పర్సు మీద, తోలు అట్ట మీద కాగితంపై వున్న అచ్చుబొమ్మను యథాతథంగా దించగలమా? దించితే నిలుస్తుందా? చూడటానికి ఇది చిన్న చేతిపని ప్రశ్నే. లోతుకు పోయి చూస్తే మన సిలబస్‌లోని పాలిమర్లు, ద్రావకాలు, ప్రొటీన్లు అన్నీ ఇందులోనే వున్నాయి. ఆ విధంగా దీన్ని పరిశీలిద్దాం.

తోలు అంటే ఏమిటి?

పచ్చి చర్మంలో మూడింట రెండు వంతుల దాకా నీరే. మిగిలినదానిలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్. మూడు పొడవాటి గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, మోకు పేనినట్లు వుండటం దీని నిర్మాణం. ఈ ముప్పేట నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ప్రపంచం గుర్తించిన ఆ పని మన పక్కనే జరిగింది.

ఈ మూడు పేటలనూ కలిపి పట్టి వుంచేవి బలహీనమైన హైడ్రోజన్ బంధాలు. తడిగా వున్న పచ్చి తోలును సుమారు 60 నుంచి 65 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి చేస్తే ఆ బంధాలు తెగి, పేటలు విడిపోయి, తోలు ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. ఇంకా కాస్తే జిలటిన్ అవుతుంది. వడ్రంగులు కాచి వాడే సరేసు బంక పుట్టుక ఇదే.

తోలు పదును చేయటం అంటే ఈ పేటల మధ్య కొత్త కట్లు వేయటమన్నమాట. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలలోని టానిన్లు పేటల మధ్య దూరి హైడ్రోజన్ బంధాలతో వాటిని పట్టుకుంటాయి. అట్లా పదును చేసిన తోలు 70 నుంచి 85 డిగ్రీల దాకా ముడుచుకోదు. క్రోమియం లవణంతో పదును చేస్తే లోహపు అయాన్లు ప్రొటీన్‌లోని కార్బాక్సిల్ సమూహాలతో గట్టి బంధం వేసుకుంటాయి. అప్పుడు మరిగే నీళ్ళలో వేసినా తట్టుకుంటుంది. బజార్లో దొరికే మెత్తటి చెప్పుల పైతోలు, చేతిసంచుల తోలు చాలావరకు క్రోము తోలే. గోధుమరంగులో గట్టిగా వుండి, తడిపితే గోరుతో నొక్కినచోట గుంట నిలిచేది చెక్కతో పదునైన తోలు.

కాబట్టి "తోలు" అని ఒక్క మాట అన్నా అందులో మూడు రకాల పదార్థాలున్నాయి: పదును చేయని పచ్చి తోలు, చెక్క తోలు, క్రోము తోలు. బొమ్మ దించే పద్ధతి నిలిచేదీ పోయేదీ ఈ తేడా మీదే ఆధారపడి వుంది.

అచ్చు అంటే ఏమిటి?

అచ్చు విషయమూ ఇంతే. జిరాక్సు కాగితం మీద వున్న నలుపు నిజానికి సిరా కాదు, ప్లాస్టిక్. స్టైరీన్-ఎక్రిలేట్ లేక పాలియెస్టర్ రెసిన్‌లో మసి కలిపి మెత్తగా చేసిన పొడి అది. యంత్రం లోపల వేడి రోలరు కింద కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది. ఇంక్‌జెట్ ప్రింటరుది నీళ్ళ సిరా. వార్తాపత్రికది నూనెలో కలిపిన రంగు.

జిరాక్సు పుట్టుకలో మన విషయానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. 1938 అక్టోబరు 22న అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన గంధకం పూసిన జింకు రేకు మీద విద్యుదావేశంతో అక్షరాలు ఏర్పరచి, పొడి చల్లి, ఆ పొడిని మైనం కాగితం మీదికి దించి, వేడి చేసి నిలబెట్టాడు. అంటే ప్రపంచంలో మొదటి జిరాక్సు కాపీయే ఒకదాని మీదినుంచి ఇంకొకదాని మీదికి దించిన బొమ్మ! చిన్నపిల్లలు నోటుబుక్కు కాగితానికి కొవ్వొత్తి రుద్ది, పేపరులోని బొమ్మ మీద బోర్లించి రుద్దితే బొమ్మ ఎక్కుతుంది చూడండి, అదీ ఈ కోవలోదే. మైనం ఆ నూనెరంగును కాస్త పీల్చుకుంటుంది.

సూత్రం ఇంతే. రంగును పాత ఆధారం విడవాలి, కొత్త ఆధారం పట్టుకోవాలి. విడిపించేది ద్రావకమా, వేడిమా, నీరా అన్నదాన్ని బట్టి పద్ధతులు వేరవుతాయి.

దించే పద్ధతులు నాలుగు

మొదటి మూడు పద్ధతులకూ ముందు గుర్తుపెట్టుకోవలసింది ఒకటి: కాగితాన్ని బోర్లిస్తాం గనుక బొమ్మ కుడిఎడమలు తారుమారవుతుంది. "తెనాలి" అని రాసి దించితే అద్దంలో చూసినట్లు వస్తుంది. అందుచేత అచ్చు తీసేటప్పుడే తిరగేసి తీయాలి.

మొదటిది ద్రావక పద్ధతి. జిరాక్సు లేక లేజర్ అచ్చును తోలు మీద బోర్లించి, వెనకవైపున ఎసిటోన్ అద్దిన దూదితో తడిపి, గరిటె వెనకభాగంతో గట్టిగా రుద్దాలి. ఎసిటోన్‌లో రెసిన్ మెత్తబడి తోలులోని సన్నటి రంధ్రాలలోకి దిగుతుంది. ఎసిటోన్ ఆరిపోగానే మళ్ళీ గట్టిపడుతుంది. పైపూత లేని చెక్క తోలు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. పైన మెరుపు పూత వున్న తోలైతే ఎసిటోన్ ఆ పూతను కూడా కరిగించి పాడుచేస్తుంది. మరొక హెచ్చరిక: ఎసిటోన్ ఆవిరి సున్నా కంటే 20 డిగ్రీల తక్కువ వేడిమి దగ్గరే అంటుకోగలదు. దీపం, స్టవ్వు, సిగరెట్టు దగ్గర లేకుండా, కిటికీలు తెరిచి పెట్టుకుని చేయవలసిన పని.

రెండవది జిగురు పద్ధతి. తోలుకు ఎక్రిలిక్ జిగురు పలచగా రాసి, అచ్చును బోర్లించి అతికించి, ఒక రాత్రంతా ఆరనివ్వాలి. ఎక్రిలిక్ పొర అచ్చును తనలో కలుపుకుంటుంది. తరవాత కాగితాన్ని తడిపి వేలితో మెల్లగా రుద్దితే కాగితపు పీచు పోయి బొమ్మ నిలుస్తుంది. మామూలు తెల్ల ఫెవికాల్ వాడితే? తడి తగలగానే అది మళ్ళీ మెత్తబడుతుంది, బొమ్మ లేచిపోయే ప్రమాదం వుంది. ఇంక్‌జెట్ అచ్చు వాడితే కాగితం తడిపినప్పుడు రంగే చెదిరిపోతుంది. దీనికి లేజర్ అచ్చు మంచిది.

మూడవది వేడి పద్ధతి. ఇస్త్రీ పెట్టెతో అచ్చు వెనక అదిమితే రెసిన్ కరిగి తోలుకు అంటుతుంది. కాని తోలులో ఎప్పుడూ కొంత తేమ వుంటుంది. తేమా వేడీ కలిస్తే కొల్లాజెన్ ముడుచుకుంటుందని పైన చెప్పుకున్నాం. క్రోము తోలు పొడిగా వుంటే కొన్ని సెకన్లు తట్టుకుంటుంది. చెక్క తోలు గట్టిపడి నల్లబడిపోవచ్చు. ఆవిరి వదిలే ఇస్త్రీ పెట్టె అసలు పనికిరాదు. చొక్కాల మీద అచ్చువేసే దుకాణాల్లో ఇప్పుడు వాడే పల్చటి ఫిల్ము పద్ధతి కూడా ఈ జాతిదే. వెనక చల్లిన పాలీయూరితేన్ పొడి కరిగి జిగురులా పట్టుకుంటుంది.

మరి కప్పు మీద ఫొటో వేసే పద్ధతిని తోలు మీద వాడలేమా అంటే, నేరుగా వాడలేము. ఆ సిరాలోని రంగు ఘనస్థితినుంచి తిన్నగా వాయువై పాలియెస్టర్‌లోకి చొరబడుతుంది. కప్పుకు కూడా పాలియెస్టర్ జాతి పూత వేసి వుంటుంది. అందుకు సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడి కావాలి. కొల్లాజెన్‌కు ఆ రంగు మీద ప్రీతి లేదు, ఆ వేడికి ఓపికా లేదు. "తోలు" పర్సు మీద అట్లా ఫొటో వేసి ఇచ్చారంటే ఆ పైభాగం తోలు కాదనో, తోలు మీద ప్లాస్టిక్ పూత వుందనో అర్థం.

నాలుగవది అన్నిటికంటే పాతది: గీత దించటం. చెక్క తోలును తడిపి, కాగితం పైన పెట్టి, మొద్దుమొన పుల్లతో గీతల మీద వొత్తితే తోలు మీద గుంటగీత నిలుస్తుంది. రంగు తరవాత చేత్తో వేసుకోవలసిందే. ఇందులో యంత్రం లేదు, ద్రావకం లేదు, బొమ్మ వూడిపోవటమన్నది లేదు.

దించటం ఒక ఎత్తు, నిలవటం ఒక ఎత్తు. కాలేజీ లేబొరేటరీలో ఎవరైనా చేయదగిన పరీక్షలు మూడున్నాయి. చెప్పులు కుట్టేవారి దగ్గర మిగిలిన తోలుముక్కలు నాలుగు తెచ్చి, నాలుగు పద్ధతులూ చేసి, ఒక్కొక్కదాన్ని వందసార్లు ఒకేచోట మడవాలి. తడిగుడ్డతో యాభైసార్లు రుద్దాలి. సగం కప్పి సగం ఎండలో నెలరోజులు వుంచాలి. టోనరు రెసిన్ గది వేడిమి దగ్గర గాజులా పెళుసు. అందుకని మడతపడేచోట పగుళ్ళిస్తుంది. పుస్తకం అట్టకీ గోడకు తగిలించే పటానికీ పనికొచ్చేది చెప్పుకి పనికిరాదు. పైన ఒక పల్చటి ఎక్రిలిక్ పూతో మైనమో వేస్తే ఆయుష్షు పెరుగుతుంది.

తోలుబొమ్మలకు అచ్చు ఎందుకు పనికిరాదు?

తోలు మీద బొమ్మ అనగానే తెలుగువాడికి ముందు గుర్తుకొచ్చేది తోలుబొమ్మలాట. పదమూడవ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఈ ఆటను ప్రస్తావించాడు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట దీనికి పేరుపడ్డ వూరు. ఆ వూరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇంత అచ్చు సౌకర్యం వచ్చాక కూడా వాళ్ళు ఒక్కొక్క బొమ్మనీ చేత్తో ఎందుకు గీస్తారు? "పాతకాలపు అలవాటు" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఇంతవరకు చెప్పుకున్న రసాయనశాస్త్రాన్ని వాళ్ళ తోలుకు అన్వయించి చూడండి.

తోలుబొమ్మకు వాడేది మేకతోలు. దాన్ని నానబెట్టి, రోమాలు తీసి, గీకి, లాగికట్టి ఎండబెడతారు. పదును చేయరు. పదును చేస్తే తోలు వెలుతురును ఆపేస్తుంది. పచ్చితోలు పల్చగా ఎండితే పారభాసకమవుతుంది. వెనక దీపం పెడితే రంగు తెర మీద వెలగాలి కదా, అదే వాళ్ళకు కావలసింది.

ఇప్పుడు ఒక్కొక్క పద్ధతీ తీసుకుందాం. జిగురు పద్ధతిలో కాగితాన్ని తడపాలి. పచ్చితోలు నీరు పీల్చి మెత్తబడి వంకర్లు పోతుంది. వేడి పద్ధతి సంగతి సరేసరి. అన్నిటికంటే తక్కువ వేడికి ముడుచుకునేది పచ్చితోలే. ద్రావక పద్ధతిలో ఎసిటోన్ తోలును అంతగా చెరపదు గాని, టోనరులోని మసి వెలుతురును పూర్తిగా మింగేస్తుంది. రంగు టోనరు అయినా తోలు పైన పొరగా కూర్చుంటుందే గాని లోపలికి ఇంకదు. వెనక దీపం పెట్టి చూస్తే రంగు వెలవెలపోతుంది. పైగా బొమ్మ ఆటలో అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి రెండువైపులా రంగు వుండాలి. రెండువైపులా ఒకే గీత మీద అచ్చు దించటం ఎంత కష్టమో ఊహించండి. చేత్తో వేసేవాడికి ఆ బాధ లేదు. తోలు పారభాసకం గనుక అవతలివైపు గీత కనిపిస్తూనే వుంటుంది! కింద నమూనా పెట్టి పైన గీత దించుకోవటానికీ అదే గుణం పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. తోలుబొమ్మ మీద నగలు, చీర అంచులు, కిరీటం ముత్యాలు రంగుతో వేసినవి కావు. చిన్న చిన్న ఉలులతో కొట్టిన రంధ్రాలు. తెర మీద తెల్లగా మెరిసేది రంధ్రంలోంచి వచ్చిన దీపం వెలుగు. కాగితం మీద అచ్చువేసేవాడికి తెలుపంటే సిరా పడని చోటు. తోలుబొమ్మ చేసేవాడికి తెలుపంటే తోలు లేని చోటు. ఈ తెలుపును ఏ అచ్చూ దించలేదు.

కాబట్టి వాళ్ళు చేత్తో గీయటం వెనకబాటుతనం వల్ల అనటం పొరపాటు. ఆ పదార్థానికి తగిన పద్ధతి అదొక్కటే గనుక అట్లా చేస్తున్నారు. పూర్వం దేవతల పాత్రలకు జింకతోలు వాడేవారంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ ప్రశ్నే లేదు. మేకతోలుతోనే రాముడు, రావణుడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అందరూ పుడుతున్నారు. ఆట చూసేవారు తగ్గాక అదే చేత్తో దీపాలకు గొడుగులు, గోడపటాలు చేసి అమ్ముకుని బతుకుతున్నారు.

ఇక్కడే మనం ఆలోచించవలసిన విషయం ఒకటి వస్తోంది. వాళ్ళ బొమ్మను ఫొటో తీసి, ప్లాస్టిక్ పూత వేసిన తోలు మీద వేలకొద్దీ అచ్చుకొట్టి "తోలుబొమ్మ కళ" అని సగం ధరకు అమ్మటం ఇవాళ చాలా సులువు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలు భౌగోళిక గుర్తింపు జాబితాలో వున్నాయి. చట్టం ఒక కంచె. కాని కొనేవాడికి తేడా తెలియకపోతే కంచె ఏం కాపాడుతుంది? తేడా తెలుసుకోవటానికి పెద్ద పరికరం అక్కర్లేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. వెలుగు రంగులోంచి, రంధ్రంలోంచి వస్తే అది తోలుబొమ్మ. నల్లగా అడ్డుపడితే అచ్చు. సైన్సు చదివినవాడు తన ఇంట్లోవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పినా ఒక కుటుంబం అన్నానికి సాయపడినట్లే.

యలవర్రు నుంచి అడయారు దాకా

మాది వ్యవసాయ కుటుంబం. ఎడ్లతో సేద్యం చేసిన రోజుల్లో కాడికి వారు, కపిల బానకు తోలు, కాలికి చెప్పు, పండక్కి డప్పు అన్నీ తోలుతోనే జరిగేవి. చచ్చిన ఎద్దును మోసుకుపోయి, వొలిచి, సున్నంలో నానేసి, తంగేడు చెక్కలో పదును చేసి, మళ్ళీ మన ఇంటికే చెప్పుగా తెచ్చి ఇచ్చింది మాదిగ కుటుంబాలు. ఆ చెప్పు తొడుక్కున్నాం, ఆ చేతిని మాత్రం అంటరాదన్నాం. మహాకవి గుఱ్ఱం జాషువా 1941లో "గబ్బిలం" కావ్యానికి అరుంధతీ సుతుణ్ణి నాయకుడిగా నిలబెట్టింది ఈ అన్యాయాన్ని అడగటానికే. కొల్లాజెన్ అన్న పేరు తెలియకపోయినా, ఏ చెక్క ఎన్నాళ్ళు వేస్తే తోలు ఎట్లా మారుతుందో తెలిసిన మనుషులు వాళ్ళు. అది రసాయనశాస్త్రం కాకపోతే మరేమిటి?

ఈ గోడను దాటి వెళ్ళిన మనవాడు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. 1922 సెప్టెంబరు 10న తెనాలి దగ్గరి యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివారు. తరవాత ఆయన ఎన్నుకున్నది తోళ్ళ సాంకేతిక విద్య. రైతుబిడ్డ తోళ్ళపని చదవటమేమిటని ముక్కున వేలేసుకునే కాలం అది. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి తిరిగి వచ్చి, మద్రాసు అడయారులో 1948లో ఏర్పడిన కేంద్రీయ తోళ్ళ పరిశోధనాలయంలో పనిచేసి, 1958లో దాని డైరెక్టరయ్యారు. 1971లో దేశంలోని శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ సంవత్సరమే పద్మశ్రీ వచ్చింది. 1985 జూన్ 23న అట్లాంటిక్ మహాసముద్రం మీద పేల్చివేతకు గురైన కనిష్క విమానంలో ఆయన మరణించారు.

పచ్చితోలును అట్లాగే విదేశాలకు అమ్ముకోవటం మాని, ఇక్కడే పదును చేసి, వస్తువుగా మలిచి అమ్మితే ఆ లాభం, ఆ పని మన ఊళ్ళకే దక్కుతుందన్నది ఆయన నమ్మిక. పరిశోధనాలయం గోడలు దాటి తోళ్ళ కార్మికుడి తొట్టె దగ్గరికి శాస్త్రం వెళ్ళాలన్నారు. మన ప్రాంతంనుంచి రోజూ కాలేజీలకు రైళ్ళలో బస్సుల్లో వచ్చే విద్యార్థుల్లో ఎంతమందికి యలవర్రు ఈ కథ కలిగిన వూరని తెలుసు?

చివరిమాట

కాగితం మీది బొమ్మను తోలు మీదికి దించటం కష్టమేమీ కాదు. ఏ తోలో తెలియాలి, ఏ అచ్చో తెలియాలి, దేన్ని దేనితో విడదీస్తున్నామో తెలియాలి. చెక్క తోలు పటానికి ఎసిటోన్ చాలు, అట్టకు ఎక్రిలిక్ చాలు. సెలవుల్లో ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి పుస్తకపు అట్టలు, తాళంచెవుల బిళ్ళలు చేసి అమ్ముకుంటే ఫీజుకు కొంతయినా కలిసివస్తుంది. కాకపోతే మీ సొంత బొమ్మలు వేసుకోండి. ఇంకొకరి చేతిబొమ్మను దొంగిలించవద్దు.

మిత్రులారా! పై చెప్పిన పరీక్షలకు కావలసిన తోలుముక్కలు చెట్టుకింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దమనిషి దగ్గర దొరుకుతాయి. ముక్క అడిగేటప్పుడు పక్కన కాసేపు కూర్చుని, "ఇది ఏ తోలు పెద్దాయనా? నీకు ఎట్లా తెలిసింది?" అని కూడా అడగండి. ఆయన వేలితో నొక్కి, వంచి, వాసన చూసి చెబుతాడు. మన ప్రాక్టికల్ రికార్డులో లేని పాఠం అది. మన రికార్డులో రాసుకోదగ్గ పాఠం కూడాను.